గుమ్మడికాయ కొట్టేదాకా

మా భూమి నల్లగా ఉండటం డైరెక్టర్ సిద్ధార్థకు నచ్చలేదు. ఫిల్మ్‌నగర్ ఆఫీసులో, చల్లటి ఏసీ గదిలో కూర్చుని, గోడ మీది తెరపై మా ఎకరంన్నర ఫొటోలు చూస్తూ మొహం చిట్లించాడు.

"లొకేషన్ సూపర్. నది, గట్టు, ఆ పాత రాతి కడీలు అన్నీ బావున్నాయ్. కానీ ఈ మట్టేంటి, ఇంత మురికిగా కనిపిస్తోంది? పల్లెటూరి మట్టంటే ఎర్రగా ఉండాలి కదా!"

"ఏటి ఒడ్డు భూమి సార్. ఒండ్రు మట్టి గిట్లనే ఉంటది," అన్నాను.

"జ్యోతీ, మనం తీసేది రైతు కథ. మట్టి చూడగానే ఆడియన్స్‌కి కన్నీళ్లు రావాలి. ఎర్రమొరం కొట్టించెయ్యండి."

ఆడియన్స్ సంగతేమో గాని నాకు అక్కడే ఒళ్లు మండింది. నేను ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్‌ని. కొత్త గోడను పాత గోడలా, థర్మకోల్‌ను బండరాయిలా చూపించడం నా పని. ఆ పనికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. కాని భూమిని భూమిలా చూపించడానికి దాని మీద వేరే భూమిని తెచ్చి పోయాలన్న మాట వినడం మాత్రం అదే మొదటిసారి. అదీ మా భూమి మీద. అదీ నది ఒడ్డున పొలాన్ని పెద్దమనుషుల చేతుల్లో పడకుండా కాపాడుకునే రైతు కథ కోసం.

ఆ పొలం ఇవ్వొద్దని నేను నెత్తీనోరూ కొట్టుకున్నాను. గండిపేట గేట్లకు కింద, మూసీ ఒడ్డున ఇంకా మిగిలిన నాలుగు పొలాల్లో మాదొకటి. మా తాత అందులో వరి పండించాడు. మా నాయన వెంకటనర్సయ్య ద్రాక్ష పందిళ్లు వేశాడు. సిద్ధార్థకు తెగ నచ్చిన ఆ కడీలు ఆ పందిళ్లవే. తెగులు వచ్చి ద్రాక్ష పోతే గులాబీలు పెట్టి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పంపాడు. నాయన పోయాక అమ్మ ఆకుకూరల్లోకి దిగింది. పాలకూర, కొత్తిమీర, పుంటికూర. పంటలు మారాయి గాని ఒక్క ఏడాది కూడా ఆ భూమి పంట లేకుండా లేదు. అటు పక్క ఫామ్‌హౌస్, ఇటు పక్క ఫంక్షన్ హాల్ లేచినా మా అమ్మ శకుంతలమ్మ మాత్రం తెల్లారగానే మళ్లకు నీళ్లు కట్టేది.

ప్రొడక్షన్ మేనేజర్ సుబ్బరామయ్య ఏదో పని మీద మా ఊరికి వచ్చి ఆ పొలం చూశాడు. రెండో రోజే నిర్మాత వరప్రసాద్ కారు మా వాకిట్లో ఆగింది. ఆయన తెల్లచొక్కాతో మా నులకమంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అమ్మ పెట్టిన జొన్నరొట్టె, పాలకూర పప్పు మెచ్చుకుంటూ తిన్నాడు. ప్రతి మాటకూ అమ్మా, అమ్మా అన్నాడు. కన్నకొడుకైనా అన్నిసార్లు పిలవడు.

"ఎప్పటిదాక సారూ?" అని అడిగింది అమ్మ. "నాకు మిరుగానికి ఇత్తనం పడాలె."

"గుమ్మడికాయ కొట్టేదాకానే అమ్మా. కొట్టామంటే మర్నాడే మీ భూమి మీది. ఎలా ఉన్నది అలా అప్పజెప్తాను."

సినిమా వాళ్లకు మొదటిరోజు కొబ్బరికాయ, ఆఖరిరోజు గుమ్మడికాయ. చివరి షాట్ అయ్యాక కెమెరాకు దిష్టి తీసి గుమ్మడికాయ కొడితే షూటింగ్ ముగిసినట్టే. ఆ తర్వాత ఆ సినిమాకు మళ్లీ కెమెరా తెరవాలంటే వరప్రసాద్ లాంటి పాతకాలపు మనుషులకు వణుకు. కాగితంలో కూడా అదే రాయించాడు, షూటింగ్ పూర్తయ్యేవరకు అని.

ఆయన వెళ్లిపోయాక నేను అమ్మ మీద లేచాను. "వీళ్ల సంగతి నాకెరుకనే. వీళ్ల మాటలు నమ్మితే మునుగుతం."

"నువ్వు ఏం పని చేస్తవో నేనెన్నడన్న చూసిన్నా?" అంది అమ్మ. "గా కృష్ణానగర్ రూముల పడుంటవు. సినిమా సినిమా అంటవు. ఒక్క ఎండకాలం నా కండ్ల ముంగట పని చెయ్యి. చూస్త."

తెల్లవారి అమ్మ వేలిముద్ర కాదు, చక్కగా సంతకమే పెట్టింది.

ముహూర్తం రోజున సుబ్బరామయ్య అమ్మ దగ్గరికి వచ్చి ఎంతో మర్యాదగా, "అమ్మగారూ, పూజ అయ్యేదాకా కాస్త అటువైపు నీడలో కూర్చుంటారా?" అన్నాడు. నీడ ఎందుకో నాకు అర్థమైంది. మొగుడు పోయిన మనిషి కొబ్బరికాయ కొట్టేచోట ఎదురుపడకూడదు. భూమి ఆమెది, పూజ వాళ్లది. అమ్మ చెంగు సర్దుకుని వెళ్లి వేపచెట్టు కింద కూర్చుంది. నేను వీపు తిప్పుకుని రంగు డబ్బా మూత తీశాను. తీయకపోతే ఆ హారతి పళ్లెం ఎత్తి మూసీలో విసిరేసేదాన్ని.

లారీలు వచ్చాయి. అమ్మ పేడ వేసి, ఆకు కుళ్లబెట్టి పెంచుకున్న మట్టి మీద జానెడు మందాన ఎర్రమొరం పోసి రోలర్‌తో తొక్కించారు. నాలుగు ఇళ్లు, ఒక గుడి, ఒక బావి లేచాయి. బావి ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ది. మా నిజం బోరు దాని వెనక కనపడకుండా దాక్కుంది. గోడలకు నేనే చెమ్మ మరకలు వేశాను, నాచు పట్టించాను. అమ్మ రోజూ వచ్చి చూసేది. "నిజంగ పాతగోడ లెక్కనే ఉన్నది బిడ్డా," అని ఓ రోజు గోడను తడిమి మురిసింది. ఆ ఒక్క రోజు నాకూ కోపం తగ్గింది.

వైశాఖం దాటకముందే షూటింగ్ అయిపోయింది. హీరో తన చివరి షాట్ చేసి, అందరితో ఫొటోలు దిగి వెళ్లిపోయాడు. గుమ్మడికాయ మాత్రం కొట్టలేదు.

"ప్యాచ్ వర్క్ ఉందమ్మాయ్," అన్నాడు సుబ్బరామయ్య. "ఒకటి రెండు షాట్లు మిగిలాయి. తొందరేముంది?"

తొందరేముందో వారంలోనే తెలిసింది. వేరే కంపెనీ వాళ్లు అదే సెట్‌లో పాట తీసుకున్నారు. తర్వాత నూనె ప్రకటన. తర్వాత పెళ్లి జంటలు, డ్రోన్లు, రంగు పొగలు. గేటుకు పల్లెటూరి ఫాంట్‌లో ఏదో విలేజ్ అని బోర్డు వెలిసింది. బుకింగ్‌లకు నంబరు కూడా ఉంది. ఆ నంబరు ఫిల్మ్‌నగర్ ఆఫీసుదే.

అమ్మ చెప్పిన మిరుగం, మృగశిర కార్తె, వచ్చింది. మొదటి వాన పడ్డ తెల్లారి అమ్మ గట్టు మీద మిగిలిన నాలుగు పుంటికూర మొక్కలు చూసుకోవడానికి తట్ట పట్టుకుని వెళ్లింది. ఆ రోజు ఆదివారం కాబట్టి నేనూ వెంట ఉన్నాను. గేటు దగ్గర నల్లచొక్కా మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు.

"జర ఆగుండ్రి అమ్మా. లోపల షూట్ నడుస్తుంది."

"ఏం షూటు?"

"పెండ్లోళ్లది. ప్రీ వెడ్డింగట."

"గీ భూమి నాదయ్యా."

అతను అమ్మను పైనుంచి కిందికి చూశాడు. "గట్లనే అంటరు అందరు. సారుతోని మాట్లాడుకోండ్రి."

నేను అతని మీదికి వెళ్లాను. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. కృష్ణానగర్‌లో పదకొండేళ్లు ఉన్నదాన్ని, తిట్లకు కరువు లేదు. లోపల పెళ్లికొడుకు ధోతీ కట్టుకుని, ఎర్రమట్టిలో నాగలి పట్టుకుని నవ్వుతున్నాడు. అమ్మ తట్ట కింద పెట్టి, తన గేటు ముందు, వానలో, బయటివాళ్లలా నిలబడింది. ఆ నెలాఖరున పంట నమోదుకు వచ్చిన అధికారి కూడా అదే గేటు బయట నిలబడి, లోపల లైట్లు చూసి, సాగు లేదు, వ్యాపారం అని ఎక్కించుకుని వెళ్లాడు. మా తాత నాటి నుంచి ఆ మాట మా భూమికి ఎవరూ అనలేదు.

అమ్మను తీసుకుని జూబ్లీహిల్స్ వెళ్లాను. వరప్రసాద్ ఇంటి ముందు ముగ్గురు డ్రైవర్లు మూడు కార్లు తుడుస్తున్నారు. ఆయన భార్య నాగేశ్వరి గారు అమ్మను సోఫాలో కూర్చోబెట్టి కాఫీ తెప్పించారు. ఆయన తడి తల తుడుచుకుంటూ వచ్చాడు.

"అమ్మా, కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ని కదా!"

"సార్, గుమ్మడికాయ కొట్టి ఇస్తనన్నరు. లాస్ట్ షాట్ అయి ఎన్ని రోజులైంది?" అన్నాను. నా గొంతు ఆ పెద్ద హాల్లో మోగింది.

"కొట్టామా మరి? కొట్టలేదుగా. కొట్టాక ఒక్క రోజు ఆలస్యమైతే అప్పుడు అడుగు." ఆయన అమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, ఉన్నమాట చెప్తాను. ఆ ఏరియాలో ఇంకా వ్యవసాయం ఏంటి? పక్కవాళ్లందరూ మార్చేసుకున్నారు. మీరు ఊఁ అనండి, కన్వర్షన్ పనులన్నీ నేను చూసుకుంటాను. సెట్ అలాగే ఉంచుదాం. ఎండలో కూర్చుని కొత్తిమీర కట్టలు కట్టే పని మీకుండదు."

అమ్మ కాఫీ పూర్తిగా తాగింది. కప్పు సాసర్‌లో చప్పుడు కాకుండా పెట్టింది. "నాకు కొత్తిమీర కట్టుడే ఇష్టం సారూ," అంది. "ఒక్కటి అడుగుత. కొడితే మాత్రం అయిపోయినట్టేనా?"

"మా ఫీల్డ్‌లో అంతకు మించిన కాగితం లేదమ్మా," అని నవ్వాడు వరప్రసాద్.

తిరిగి వస్తూ ఆటోలో కృష్ణానగర్ దాకా నేనే వాగాను. కేసు వేద్దామన్నాను, టీవీ వాళ్లను పిలుద్దామన్నాను. ఆ ఇంటి గేటు ముందు కూర్చుందామన్నాను. అమ్మ ఒక్కదానికీ ఊఁ కొట్టలేదు. మార్కెట్ దగ్గర ఆటో ఆపమని, ఏమో కొనుక్కొస్తానని దిగిపోయింది. నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది. ఇంత జరిగాక ఈమెకు కూరగాయల ధ్యాసేంటి అనుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత సిద్ధార్థ చిన్న యూనిట్‌తో వచ్చాడు. హీరో డూపు వెనక నుంచి గుడిలోకి నడిచే ఒక్క షాట్. నెలకొకటి ఇలా తీస్తే షూటింగ్ నడుస్తున్నట్టే లెక్క. వానకు రంగు పోయిన గోడను సరిచేయడానికి నన్నూ పిలిచారు. జీతం కోసం వెళ్లాను. బ్రష్ పట్టుకుని గోడ దగ్గర ఉన్నాను.

అమ్మ ఉతికిన చీర కట్టుకుని, చేతుల్లో బూడిద గుమ్మడికాయతో గేట్లోంచి వచ్చింది. ఆ నల్లచొక్కా మనిషే పక్కకు జరిగి దారి ఇచ్చాడు. గుమ్మడికాయ పట్టుకొచ్చిన మనిషిని షూటింగ్‌లో ఎవరూ ఆపరు. ప్రొడక్షన్ వాళ్లే తెప్పించారనుకుంటారు.

"కెమెరా ఏది బిడ్డా?" అని లైట్ల కుర్రాణ్ని అడిగింది. వాడు చూపించాడు.

కాయ మీద కర్పూరం వెలిగించింది. కెమెరా చుట్టూ మూడుసార్లు తిప్పింది. ఆ పని చేయడం ఆమె ఈ ఎండాకాలంలోనే, ఆ పాట తీసుకున్న కంపెనీ వాళ్లను చూసి నేర్చుకుంది. నేలకేసి కొట్టింది. కాయ నాలుగు ముక్కలైంది.

అలవాటు కొద్దీ ఇద్దరు ముగ్గురు చప్పట్లు కొట్టి, మధ్యలో ఆపేశారు. కెమెరామన్ రవిచంద్ర ముక్కల వైపు చూశాడు. కళ్లకద్దుకున్నాడు. లెన్స్‌కు మూత పెట్టి, "ప్యాకప్," అన్నాడు మెల్లగా.

"ఏయ్, ఎవరు కొట్టమన్నారు? షాట్ ఉంది!" సిద్ధార్థ అరిచాడు.

"ఇంక నేను తియ్యను సార్," అన్నాడు రవిచంద్ర. "నాకు పిల్లలున్నారు. కావాలంటే వేరేవాళ్లని పిలుచుకోండి."

సిద్ధార్థ ఫోన్ చేశాడు. అటువైపు వరప్రసాద్ ఏమన్నాడో గాని ఇటువైపు సిద్ధార్థ రెండుసార్లు "కొట్టేసింది సార్," అని, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. లైట్ల వాళ్లు తీగలు చుట్టడం మొదలుపెట్టారు. నేను బ్రష్ అక్కడే వదిలేసి వెళ్లి అమ్మ పక్కన నిలబడ్డాను.

సెట్ విప్పారు. తలుపులు, దూలాలు, పెంకులు, పనికొచ్చేవన్నీ లారీలకెక్కించుకున్నారు. పగిలిన ప్లాస్టర్, సిమెంటు పెళ్లలు, ఎకరంన్నర మొరం మాకు వదిలేశారు. ఎలా ఉన్నది అలా అంటే వాళ్ల భాషలో ఇదన్నమాట. ఫిల్మ్‌నగర్ నుంచి నాకు ఫోన్ రావడం కూడా ఆగిపోయింది. ఒక్క ఆఫీసు కాదు, ఏ ఆఫీసూ పిలవలేదు. ఆ పిల్ల తల్లి షూటింగ్ ఆపించిందట అన్న పేరు ముందు నా పదకొండేళ్ల పని ఎందుకూ కొరగాలేదు. కృష్ణానగర్ గది ఖాళీ చేసి ఊరికి వచ్చేశాను. తల్లీకూతుళ్లం గడ్డపార, పార, తట్ట పట్టుకుని మొరం ఎత్తడం మొదలుపెట్టాం. దసరా నాటికి నాలుగు మళ్లు కూడా తేలలేదు. చేతులు బొబ్బలెక్కాయి. ప్రతి తట్టకూ ఒకణ్ని తిట్టుకున్నాను.

దసరాకు సినిమా వచ్చింది. హిట్. మామూలు హిట్ కాదు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర హోర్డింగ్ మీద హీరో గుప్పెట్లో ఎర్రమట్టి పట్టుకుని ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు చూసి జనం ఏడ్చారట. నేను చూడలేదు.

ఒక మధ్యాహ్నం సుబ్బరామయ్య మళ్లీ మా పొలానికి వచ్చాడు. ఈసారి చేతిలో పళ్లబుట్ట ఉంది. మొరం గుట్టల మధ్య చెప్పులు జాగ్రత్తగా వేసుకుంటూ నడిచాడు.

"అమ్మగారూ, మీ చెయ్యి మామూలు చెయ్యి కాదు. ఇండస్ట్రీ అంతా ఇదే మాట. సార్ ఇంకో సినిమా కార్తీకంలో పూర్తవుతోంది. ఆఖరి షాట్ ఆయన ఇంట్లోనే. గుమ్మడికాయ మీ చేత్తోనే కొట్టించాలని పట్టుబట్టారు. కారు పంపిస్తాం."

అమ్మ నడుము నిలబెట్టింది. "ఆనాడు కొబ్బరికాయ కొట్టంగ నన్ను నీడకు కూసోమంటివి గదయ్యా!"

సుబ్బరామయ్య నది వైపు చూశాడు. "అప్పుడు తెలీక, అమ్మగారూ."

నేను పార పట్టుకుని ముందుకొచ్చాను. "పోతవా లేదా ఈడికెల్లి?"

"ఆగు జ్యోతీ," అంది అమ్మ. అతనితో, "ముందు గీ మన్ను ఎత్తిపొయ్యిమను. అంతా. అప్పుడొస్త," అంది.

మూడోరోజుకల్లా జేసీబీలు దిగాయి. నేను తిట్టినా కదలనిది, న్యాయమని అడిగినా కదలనిది, సెంటిమెంటు కోసం కదిలింది. రెండు రోజుల్లో మొరం పోయింది. అడుగున మా మట్టి కనిపించింది. రోలర్ తొక్కిడికి గట్టిపడి, ప్లాస్టర్ పాలు ఇంకి, తెల్లమచ్చలతో పాలిపోయి ఉంది. ట్రాక్టర్ పెట్టి రెండుసార్లు దున్నించాం. ఊళ్లో దొరికినంత పేడ తెచ్చి చల్లాం. అమ్మ ఎకరంన్నరలోనూ పాలకూర విత్తనం వేసింది. పాలకూర మొలవడానికి వారం చాలు. పొద్దున లేస్తే ఇద్దరం మళ్లలోనే కూర్చునేవాళ్లం. పది రోజులైనా నేల అలాగే ఉంది. పదిహేను రోజులైనా అలాగే ఉంది. అమ్మ ఒక చోట వేలితో తవ్వి, కుళ్లిన గింజను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

జూబ్లీహిల్స్ నుంచి కారు వచ్చిన రోజు నేను గొడవపడ్డాను. "గింత చేసినోళ్ల ఇంటికి మళ్ల పోతవా? ఇంత సిగ్గు లేదా మనకు?"

"మన్ను ఎత్తితే వస్తనన్న. ఎత్తిన్రు. పోకుంటే నాకూ ఆయనకూ ఫరకేంది?" అని అమ్మ చీర మార్చుకుంది. ఒంటరిగా పంపలేక నేనూ ఎక్కాను.

వరప్రసాద్ ఇంటి పచ్చిక మీద యూనిట్ అంతా ఉంది. ఈసారి సుబ్బరామయ్య అమ్మను చెయ్యి పట్టి తీసుకెళ్లి కెమెరా పక్కనే నిలబెట్టాడు. నాగేశ్వరి గారు అమ్మకు బొట్టు పెట్టబోయి, ఆగి, మళ్లీ పెట్టారు. అమ్మ కర్పూరం వెలిగించి, దిష్టి తీసి, కాయ కొట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. వరప్రసాద్ వంగి ఆమె కాళ్లకు దండం పెట్టాడు. ఫొటోల వాళ్ల కోసం ఇంకోసారి పెట్టాడు. నేను పళ్లు బిగపట్టుకుని నిలబడ్డాను.

చానెళ్ల వాళ్లు మైకులు తెచ్చి అమ్మ ముందు పెట్టారు. మనోజ్ఞ అనే అమ్మాయి నవ్వుతూ అడిగింది. "అమ్మా, మీ చేత్తో గుమ్మడికాయ కొడితే సినిమా హిట్టే అంటున్నారు. ఏంటమ్మా మీ చేతి మహిమ?"

అమ్మ తన చేతుల వైపు చూసుకుంది. గోళ్ల సందున నల్లమట్టి, దాని మీద సున్నపు తెలుపు ఇంకా ఉన్నాయి.

"నాది ఇత్తనం పెట్టే చెయ్యి బిడ్డా," అంది. "నలబై ఏండ్ల సంది ఏం పెట్టినా మొలిచింది. వీళ్లు మొరం పోసి తొక్కిన మన్నుల ఈసారి ఒక్క గింజ మొలవలే."

వరప్రసాద్ మైకుల మధ్యకు వచ్చి, అమ్మ భుజం మీద చెయ్యి వేసి, అందరికీ భోజనాలున్నాయని చెప్పాడు. మేం తినకుండా ఆటో మాట్లాడుకుని వచ్చేశాం.

సాయంత్రం అన్ని చానెళ్లలోనూ అమ్మ కనిపించింది. వెనక వేణువు మోగుతోంది. "నాది ఇత్తనం పెట్టే చెయ్యి బిడ్డా. నలబై ఏండ్ల సంది ఏం పెట్టినా మొలిచింది," అంటోంది. అక్కడికి కోసేశారు.